షిరో అంటే కోటేగా?

మా కోటకి బురుజు లేదు, తలుపు లేదు, కప్పు లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఎవరో కట్టారు, ఇంకెవరో తగలబెట్టారు. మిగిలిందల్లా తకాసు కొండ కొసన మూడు చదును నేలలు, రెండు కందకాలు, దక్షిణం పక్క ఒక రాతిగోడ. అయినా ఆకులు రాలి చలి మొదలవగానే ఒసాకా నుంచీ కోబె నుంచీ మనుషులు ఖరీదైన బూట్లేసుకుని దిగిపోతారు. గంటన్నర రొప్పుతూ ఎక్కి, కందకం ముందు నిలబడి, "ఆహా, ఏం తవ్వారండీ!" అని ఆ గోతిని ఇరవై ఫొటోలు తీసుకుంటారు. గొయ్యిని చూసి మురిసిపోయే మనుషులు ఉంటారని నాకు మా కొండ వల్లే తెలిసింది.

కొందరు మాత్రం పైకొచ్చాక నాలుగు దిక్కులూ చూసి, "ఇంతకీ కోటెక్కడండీ?" అని అడుగుతారు.

"మీరు నిలబడింది దాని మీదే. కాస్త పక్కకి జరిగితే గడ్డి కోసుకుంటాను" అంటుంది ఇతోయె.

ఈ ఇతోయె గురించి ఒక పేజీ రాసిమ్మని కోట సంరక్షణ సంఘం వాళ్ళు నన్నడిగారు. వాళ్ళ పత్రికలో వేస్తారట. "తమొత్సుసాన్, ఆవిడ సంగతి మీకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నారు. నిజమే, ఎవరికీ తెలియదు. అదే వచ్చిన చిక్కు. నెలరోజులు కాగితం ముందు కూర్చున్నాను. రాసింది చింపాను. ఆఖరికి ఒక పేజీలో సరిపెట్టడం మానేసి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

ఇతోయెకి డెబ్బై నాలుగు. నాకంటే మూడేళ్ళు పెద్ద, నా గడ్డం దాకా వస్తుంది. మెడలో తువ్వాలు, కాళ్ళకి బొటనవేలు విడిగా ఉండే రబ్బరు బూట్లు, భుజానికి గడ్డి కోసే ఇంజిను. ఏడాదికి మూడుసార్లు కింది నుంచి పైదాకా దారి మొత్తం ఒక్కతే కోస్తుంది. కొండ మొదట్లో డబ్బా నిండా వెదురు కర్రలు పెడుతుంది. ఎక్కేవాళ్ళ అరచెయ్యి గీరుకోకుండా ప్రతి కర్ర కొసనీ కత్తితో గుండ్రంగా చెక్కుతుంది. పైన రేకు పెట్టెలో ఒక నోటుపుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు ఏదో ఒకటి రాసిపోతారు. ప్రతిదానికీ పెన్సిలుతో జవాబు రాయాల్సిందే ఈవిడ. "రెండో కందకం దగ్గర పాము కనిపించింది, జాగ్రత్త" అని ఎవరో రాస్తే, "దాని ఇల్లే అది. వచ్చింది మీరు" అని రాసింది.

నేను కొండ కింద బస్సు ఆగే చోట మంగలి షాపు నడుపుతాను. నా కుడి మోకాలు వంగదు, ఆ కాలు రెండు వేళ్ళ మందం పొట్టి. చక్రాల స్టూలు మీద కూర్చుని, కస్టమరు చుట్టూ తిరుగుతూ క్షవరం చేస్తాను. అద్దానికి ఎదురుగా టౌను ఆఫీసు వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి ఉంది: తప్పిపోయిన వృద్ధుణ్ణి వెతుకుతూ గాయపడిన ధైర్యశాలి అని. ఆ వృద్ధుడు ఇతోయె మామగారు గిసబురొ. అందుకే ఆవిడ వారానికి రెండుసార్లు నాకు పులుసు తెచ్చిపెడుతుందనీ, నేను ఎక్కలేని కొండని నా బదులు తనే చూసుకుంటుందనీ ఊరంతా అనుకుంటుంది. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఇరవై రెండేళ్ళ కిందట, అక్టోబరు పంతొమ్మిదిన జరిగింది. గిసబురొకి అప్పటికి ఎనభై. పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం భోజనానికి రాలేదు. మూడింటికి ఇతోయె సైరన్ మోగించమంది. ఊరి అగ్నిమాపక దళం వాళ్ళం పద్నాలుగు మందిమి గుడి ముందు చేరాం. నాకు నలభై తొమ్మిది, ఆ దళంలో కుర్రాణ్ణి నేనే. ఇతోయె భర్త నొబుజి లారీ డ్రైవరు, ఆ రోజు ఎక్కడో ఉత్తరాన ఉన్నాడు. దళం నాయకుడు కురొసె ఆవిణ్ణి అడిగాడు.

"వెళ్ళేటప్పుడు ఏమన్నాడమ్మా పెద్దాయన?"

"షిరోకి వెళ్ళొస్తానన్నారు."

"షిరో అంటే కోటేగా?"

ఇతోయె తలూపింది.

కోటని మేం షిరో అంటాం. ఎంతో ఖరీదు పలికే మత్సుతాకె పుట్టగొడుగులు ఏటా మొలుచుకొచ్చే చోటునీ షిరో అనే అంటాం. ఎర్ర పైన్ చెట్ల వేళ్ళలో ఎక్కడో ఉంటుందది. ఎక్కడన్నది ఇంటి పెద్దకి తప్ప పురుగుక్కూడా తెలియకూడదు. కన్నకొడుక్కి కూడా మంచం పట్టాకే చెబుతారు. చెబుదాం చెబుదాం అనుకునేలోపు నోరు పడిపోయి, షిరోని వెంటబెట్టుకుని పోయిన ముసలాళ్ళు మా ఊళ్ళో ముగ్గురున్నారు. గిసబురొ ఇంటి షిరో గురించి ఊళ్ళో అందరూ గుసగుసలాడేవాళ్ళే, చూసినవాడు లేడు. కాకపోతే ఆయన కోట సంఘానికి పెద్ద కూడాను. వారానికోసారైనా పైకెక్కి రాళ్ళు లెక్క చూసుకునేవాడు. కాబట్టి షిరో అంటే కోటే అనుకోవడంలో కురొసె తప్పేం లేదు. పద్నాలుగు మందిమీ కోట మీదికి ఎక్కాం. "గిసబురొసాన్!" అని కొండ అదిరేలా కేకలు.

ఆ సాయంత్రం నేను దక్షిణం రాతిగోడ మీంచి పడ్డాను. నాతోపాటు ఒక రాయి కూడా దిగి మోకాలి మీద కూర్చుంది. ఇంకో గంటకి మొదటి కందకం దగ్గర్నుంచి ఇతోయె కేకలు వినిపించాయి. పెద్దాయన అక్కడ పడున్నాడు, తుంటి విరిగింది, ప్రాణం ఉంది. ఇద్దరినీ ఒకే అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఆయన మంచంలోనే నాలుగేళ్ళు బతికాడు. కోడలంటే అలా ఉండాలని ఊళ్ళో ఆడవాళ్ళు తమ కోడళ్ళకి వినిపించేలా అనుకునేవాళ్ళు.

ఆ మరుసటేడు నుంచి ప్రతి అక్టోబరు పంతొమ్మిదినా ఇతోయె మత్సుతాకె అన్నం వండి, లక్కపెట్టెలో పెట్టి నా షాపుకి తెచ్చేది. మా ఆవిడ బతికున్నప్పుడు ఇద్దరం, తర్వాత నేనొక్కణ్ణే. మూత తీస్తే షాపులో షాంపూ వాసన, నూనె వాసన అన్నీ పోయేవి. "ఈ ఏడు పోయినేటి కన్నా వాసన బావుందక్కా" అనేవాణ్ణి ఏటా. "తిను ముందు, నీ పొగడ్తలకేంగానీ" అనేది. ఆ రోజు పొద్దుట్నుంచే నాకు ఆకలేసేది. సిగ్గులేనితనం అంటే ఇదే.

పోయినేడు అక్టోబరు పంతొమ్మిదిన పెట్టె తెరిస్తే చెస్ట్‌నట్ అన్నం ఉంది. నేను తలెత్తేసరికి ఇతోయె షాపు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ముందు పెట్టి, నుదురు నేలకి ఆనించి ఉంది. రాలిన వెంట్రుకలు ఇంకా ఊడవలేదు నేను.

"లే అక్కా, ఏంటిది! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"పైన్ చెట్లన్నీ పురుగుపట్టి చచ్చిపోయాయి తమొత్సూ. మూడేళ్ళుగా ఒక్కటీ మొలవలేదు. మొన్నటిదాకా ఊళ్ళు తిరిగి కొనుక్కొచ్చి నీకు వండిపెట్టాను. ఇక చేతకాదు. చెప్పాల్సింది చెప్పేస్తాను."

తల ఎత్తకుండానే చెప్పింది. వాళ్ళింట్లో కోటని ఎప్పుడూ ఒషిరో అనేవాళ్ళట, మర్యాదగా. ఒట్టి షిరో అంటే పుట్టగొడుగులదే. గిసబురొకి చూపు మందగించాక బుట్ట పట్టుకోవడానికి ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళేవాడు. కొడుక్కి చెప్పక ముందే కోడలికి చూపించాడు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఆ పొద్దున ఆయనన్నది ఒట్టి షిరో. అది కోటకి కాదు, ఉత్తరం లోయకి. కంగారులో సైరన్ మోగించమంది గానీ, కురొసె అడిగినప్పుడు ఆవిడకి తెలుసు. కానీ పద్నాలుగు మంది మగాళ్ళు ఆ లోయలో అడుగుపెడితే మూడు తరాల గుట్టు ఒక్క సాయంత్రంలో పోతుంది. నేనే ముందు పరుగెత్తి తీసుకొచ్చేస్తాలే అనుకుని తలూపింది. పరుగెత్తింది కూడా. పెద్దాయన ఆ లోయలో ఒక రాయి పక్కన పడున్నాడు. "ఇక్కడికెవర్నీ పిలవకు, నన్ను కందకం దాకా లాక్కుపో" అన్నాడట. విరిగిన తుంటితో ఆయన్ని వానకోటు మీద పడుకోబెట్టి లాక్కొచ్చింది. దారి పొడుగునా నోట్లో గుడ్డ కుక్కుకున్నాడట, అరుపు బయటికి రాకుండా.

"నాలుగేళ్ళు మంచంలో ఉండి రోజూ నాకు దణ్ణం పెట్టేవారు, షిరోని కాపాడావమ్మా అని. ఆయన దణ్ణం పెట్టినప్పుడల్లా నాకు నీ కాలు కనిపించేది. నేను తలూపకపోతే నువ్వు ఆ గోడెక్కేవాడివి కాదు. కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక ఇప్పుడు నోరొచ్చింది నాకు. అదీ నా బతుకు. నన్ను ఏమన్నా పడతాను."

నేనేమన్నానో రాయడానికే ఇంత కాగితం పాడుచేశాను.

"లే అక్కా. అదెప్పుడో మర్చిపోయాను. క్షమించేశాను" అన్నాను.

నిజమేంటంటే, గుడి ముందు ఆవిడ "షిరోకి" అనగానే నాకు అర్థమైంది. ఆ పద్నాలుగు మందిలో అర్థమైంది నాకొక్కడికే. మంగలి కుర్చీలో కూర్చుంటే ముసలాళ్ళు అన్నీ వాగుతారు. గిసబురొ నా కుర్చీలోనే రెండుసార్లు నోరు జారి కోటని ఒషిరో అనడం విన్నాను. వెంటనే కురొసెకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఆ షిరో దొరుకుతుంది, ఈ వెతుకులాటలో నేనెక్కడ తిరిగినా అడిగేవాడు లేడు అనుకున్నాను. దక్షిణం గోడ కింద ఎర్ర పైన్ చెట్లున్నాయి, అక్కడే అయ్యుంటుందని లెక్కేశాను. ఆ గోడ పొట్ట ఉబ్బింది, పడిపోయేలా ఉంది, తాడు దాటొద్దని కురొసె మరీ మరీ చెప్పాడు. దాటాను. అంచు మీద బోర్లా వంగి కింద వేళ్ళ దగ్గర చూస్తున్నాను. గోధుమరంగు గొడుగొకటి కనిపించింది. చెయ్యి చాపాను, రాయి కదిలింది. అది ఎండుటాకని పడ్డాక తెలిసింది, నా మొహం పక్కనే ఉంది గనక.

ఆ ధైర్యశాలికే ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం. ఆ ధైర్యశాలే క్షమించేశానన్నాడు. అని, ఆవిడ వెళ్ళాక కూర్చుని చెస్ట్‌నట్ అన్నం మొత్తం తినేశాడు.

అక్కడితో ఊరుకునేవాణ్ణేమో, నా సంగతి నాకు తెలుసు. కానీ హిమేజిలో ఇతోయెకి మిసావొ అని ఒక అక్క ఉంది. ఒంటరి మనిషి. భర్త నొబుజి చనిపోయినప్పటి నుంచీ నా దగ్గరికొచ్చి ఉండవే అని పిలుస్తోంది. ఈ సెప్టెంబరులో ఆవిడకి ఒక కన్ను పోయింది. ఇతోయె రెండు నెలలకోసారి మొహం మీద నూగు గీయించుకోవడానికి నా కుర్చీలో పడుకుంటుంది. నురగ రాసి, కత్తి పెట్టి, మాటల్లో అడిగాను.

"మిసావొసాన్ ఏమంటోంది?"

"ఏమంటుంది, రమ్మంటుంది. ఫోన్లో ఏడుస్తుంది. రెండో కన్ను ఉండగానే నీ మొహం చూడాలే అంటుంది."

"మరి వెళ్ళొచ్చుగా."

"నీ కాలిక్కడుంటే నేనెక్కడికి పోతాను?" అంది కళ్ళు మూసుకునే.

కత్తి ఆవిడ గడ్డం కింద ఉంది. అలాంటప్పుడు మాట్లాడకూడదని నాకు నేను చెప్పుకున్నాను. మంచి సాకు. గడ్డం అయిపోయాక చెంప ఉంది, చెంప అయ్యాక వేడి తువ్వాలు ఉంది. ఆవిడ వెళ్ళిపోతే పులుసు ఎవరు తెస్తారు, సాయంత్రం షాపులో కూర్చుని ఎవరు నన్ను తిడతారు అని కూడా లోపల ఒకడు లెక్కేసుకుంటున్నాడు. ఆ లోపలివాడే గోడ అంచు మీద వంగినవాడు. నాకు వాడంటే అసహ్యం వేసింది, డెబ్బై ఒకటో ఏట.

పోయిన ఆదివారం కొండ కింద ఇంజినుకి పెట్రోలు పోస్తుంటే వెళ్ళి, నన్నూ పైకి తీసుకెళ్ళమన్నాను.

"ఇరవై రెండేళ్ళకి గుర్తొచ్చిందా కోట?" అంది.

"నీ గురించి రాయమన్నారు. చూడకుండా ఎలా రాస్తాను?"

"అబద్ధాలు రాయడానికి చూడ్డమెందుకు?" అని నవ్వి, ఇంజిను అక్కడే దించేసి, డబ్బాలో నాకు సరిపోయే కర్ర వెతికింది. ఒకటి పొట్టిదంది, ఒకటి వంకరంది.

గంటన్నర దారి మాకు మూడున్నర గంటలు పట్టింది. నిటారు చోట్ల ఆవిడ ఒక మెట్టు ముందు నిలబడేది, నేను ఆవిడ భుజం పట్టుకుని కాలు లాక్కునేవాణ్ణి. దారి ఎంత శుభ్రంగా ఉందంటే, నా చచ్చు కాలికి ఒక్క వేరు కూడా తగల్లేదు. వాన నీళ్ళు దారి కోసెయ్యకుండా అడ్డంగా దుంగలు పాతింది. ప్రతి వంపులోనూ కూర్చోవడానికి ఒక దుంగ. ఇవన్నీ ఎవరికని అడిగాను. "నువ్వెప్పుడైనా ఎక్కుతావేమోనని" అంది, మామూలుగా, నీళ్ళ సీసా మూత తిప్పుతూ. చెబుదామని వచ్చినవాణ్ణి, లేచి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి కందకం దాటాం, రెండోది దాటాం. ఒసాకా నుంచి వచ్చిన జంట ఎదురై, మీరే కదా దారి చూసుకునేది అని ఆవిడకి వంగి వంగి దణ్ణాలు పెట్టారు. "ఈయన కాలికి పెట్టండి" అంది. వాళ్ళు నాక్కూడా పెట్టారు. నేను తల వంచుకుని అందుకున్నాను.

దక్షిణం గోడ దగ్గర తాడు ఇప్పటికీ ఉంది, కొత్తది. కింద పైన్ చెట్లు మోడులై తెల్లగా ఉన్నాయి. ఇతోయె తువ్వాలు తీసి గోడకేసి వంగి దణ్ణం పెట్టింది, నేను పడ్డ చోటికి. ఎప్పుడొచ్చినా పెడుతుందట. అప్పుడింక ఆగలేకపోయాను.

"పెట్టకక్కా. ఆ దణ్ణం నాకొద్దు."

"ఏమైందిప్పుడు?"

"ఆ రోజు నువ్వు షిరో అన్నప్పుడు, అది ఏ షిరోనో నాకు తెలిసింది. గుడి దగ్గరే తెలిసింది. నేనిక్కడికి మీ మామయ్యని వెతకడానికి రాలేదు. మీ షిరోని వెతకడానికొచ్చాను. తాడు దాటి వంగింది అందుకు. నువ్వు తలూపడానికీ నా కాలికీ సంబంధం లేదు."

ఆవిడ నావైపు తిరిగింది.

"తెలిస్తే కురొసెకి చెప్పలేదేం?"

"చెబితే అందరూ వచ్చేస్తారని."

"మామయ్య లోయలో పడి మధ్యాహ్నం నుంచీ నన్ను పిలుస్తూనే ఉన్నారట. నేను వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయింది." తాడు మీద చెయ్యేసింది. "ఒక్క కేకైనా వేశావా తమొత్సూ, ఆయన పేరు పెట్టి? ఒక్కసారి?"

"లేదక్కా. నేనెక్కడున్నానో మిగతావాళ్ళకి తెలిసిపోతుందని వెయ్యలేదు."

ఆవిడ దుంగ మీద కూర్చుని, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మళ్ళీ విప్పింది. తిట్టమని అడిగాను. ఎప్పుడూ తిట్టే మనిషి ఇవాళ తిట్టడం లేదని భయమేసింది.

"పోయినేడు నీ షాపులో వెంట్రుకల్లో నుదురు పెట్టాను" అంది చివరికి. "క్షమించేశానన్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. అప్పటికి మిసావొకి రెండు కళ్ళూ ఉన్నాయి."

నేను కర్ర అందుకున్నాను.

"రేపు మిసావొకి ఫోన్ చేస్తాను, వస్తున్నానని" అని లేచి, నాకేసి చూడకుండా దిగడం మొదలుపెట్టింది. నేను కర్ర ఊనుకుంటూ వెనకబడ్డాను. రెండో కందకం దాకా ఎలాగో దిగాను. దాని తర్వాత నిటారు వంపు. పిరుదుల మీద జారుదామని కూలబడబోతుంటే, కింద మెట్టు మీద ఆగి ఉంది, వీపు నావైపు పెట్టి.

"చెయ్యి వెయ్యి."

"వద్దక్కా. నేను మెల్లిగా దిగుతాలే."

"వెయ్యమంటున్నానా! ఇప్పుడు నువ్వు పడితే నాకు ఇంకో ఇరవై రెండేళ్ళు."

వేశాను. వెయ్యకుండా దిగగలిగే కాలు నాకు లేదు.